రైలును ప్రేమించినవారు

పొలములో నాగలి దున్నుచున్న రైతైనను, పశువులను తోలుకొనిపోవు బాలుడైనను, రైలుబండి కూత వినబడగానే ఒక్క క్షణము తలయెత్తి చూడక మానడు. బండి కనుమఱుగైన పిమ్మట తన పని తాను చూచుకొనును. కాని కొందఱకు ఆ చూపుతో తనివి తీరదు. వారు ఇంజనుపై నున్న సంఖ్యను వ్రాసికొందురు, పెట్టెలెన్నియో లెక్కింతురు, బండి యే వేళకు వచ్చినదో గుర్తుంచుకొందురు. చిన్ననాడు పుట్టిన ఈ వేడుక వార్ధక్యమునందును వారిని విడువదు. నేనును బాల్యమున రాజమహేంద్రవరమున గోదావరి గట్టుపై నిలిచి, 1900 మొదలు 1997 వఱకు బండ్లను మోసిన పాతవంతెనపై పోవు పెట్టెలను లెక్కించుచుండెడివాడను. లెక్క తప్పినచో మఱియొక బండి వచ్చువఱకు ఇంటికి పోబుద్ధి పుట్టెడిది కాదు.

ఇది వట్టి కాలక్షేపమని పెద్దలు కసరుచుందురు. అయితే చూడ నేర్చినవానికి ఇంజను చక్రములే ఎన్నో సంగతులు చెప్పును. ఆవిరి ఇంజనును 4-6-2 అని వ్రాసినచో, ముందు నాలుగు చిన్న చక్రములు, నడుమ బండిని లాగు ఆఱు పెద్ద చక్రములు, వెనుక రెండు చిన్న చక్రములు కలవని యర్థము. పెద్ద చక్రము ఒక్క చుట్టు తిరిగినంతనే ఎక్కువ దూరము పోవును గనుక అది వేగమునకు తగినది. మన దేశమున ప్రయాణికుల బండ్లను లాగిన డబ్ల్యు.పి. తరగతి ఇంజనులు ఇట్టివే. సరకుల బండ్లను లాగిన డబ్ల్యు.జి. ఇంజనులకో, లాగు చక్రములు చిన్నవి, ఎనిమిది.

రైలునకు పుట్టినిల్లగు ఇంగ్లండున ఈ వేడుక గలవారు మెండు. లండనులో ఒక రైల్వే కార్యాలయమున ఇయన్ అలెన్ అను యువకుడు ఉద్యోగము చేయుచుండెను. ఇంజనులను గూర్చి ప్రజలడుగు ప్రశ్నలకు ప్రత్యుత్తరములు వ్రాసి వ్రాసి విసిగి, ఇంజనుల పట్టిక నొకదానిని అచ్చువేయింప వలెనని అతడు తలచెను. పై యధికారులు ఆ భారము వహింపమనిరి. 1942లో అతడే దానిని ప్రకటించెను. బాలురు అట్టి పుస్తకములను జేబులో నుంచుకొని స్టేషనులకు పోయి, చూచిన ఇంజను సంఖ్య క్రింద గీత గీయుచుండిరి.

ఇట్టివారి ప్రేమకు నిజమైన పరీక్ష 1950లో వచ్చినది. వేల్సు దేశమున టాలిలిన్ అను చిన్న రైల్వే కలదు. కొండలలోని పలకరాతిని సముద్రతీరమునకు చేర్చుటకై 1865లో దానిని నిర్మించిరి. పట్టాల నడుమ వెడల్పు 27 అంగుళములు మాత్రమే. 1946లో గని కూలి మూతపడినది. అయినను దాని యజమాని సర్ హేడన్ జోన్సు తాను జీవించియున్నంతవఱకు బండి నడపుదునని మాట యిచ్చి, నష్టమునకోర్చి నిలువబెట్టుకొనెను. 1950లో ఆయన మరణించెను. పట్టాల క్రింది దుంగలు చివికిపోయి, మొలచిన గడ్డియే పట్టాలను పట్టియుంచిన స్థితి. ఇనుమును పాతసామానుగా అమ్మివేయుదురని అందఱును తలచిరి.

అప్పుడు టామ్ రోల్ట్ అను రచయిత మొదలగువారు బర్మింగ్‌హాము నగరమున సభ జరిపి, ఆ మార్గమును తామే నడపుదుమని నిశ్చయించిరి. హేడన్ జోన్సు భార్య సమ్మతించెను. ఇతర వృత్తులవారు సెలవు దినములందు వచ్చి, జీతము గొనక, గడ్డి కోసిరి, దుంగలు మార్చిరి, టిక్కెట్టు లమ్మిరి. 1951 మే 14వ తేదీన బండి మరల కదలెను. స్వచ్ఛంద సేవకులు కాపాడి నడిపిన రైల్వేలలో ప్రపంచమున ఇదియే మొదటిది.

కష్టములు తీరలేదు. మూతపడిన పొరుగు రైల్వేనుండి రెండు ఇంజనులను కొనిరి. అందొకటి, పట్టాలు ఎడమైన చోట్ల దారి తప్పి దిగిపోయెను. రెండవది మరమ్మతు చేయనిదే కదలదు. ఇక 1866లో తయారైన డోల్‌గాక్ అను ముసలి ఇంజను ఒక్కటే మిగిలెను. ఎనుబదియైదేండ్ల ఆ ఇంజనే, ఎవరి కన్ను దానిమీదనుండి మఱలకుండ, ఆ యేటి బండ్లనెల్ల లాగినది.