కంప్యూటర్ ఆన్ కాగానే ఏది లేవాలి, ఏది పడుకోవాలి?

పవర్ బటన్ నొక్కి, చాయ్ పెట్టుకుని, తాగి వచ్చినా స్క్రీన్ మీద ఆ చక్రం తిరుగుతూనే ఉందా? చాలా ఇళ్లలో, దుకాణాల్లో ఇదే పరిస్థితి. మామూలు రోజుల్లో సర్దుకుపోతాం. కానీ పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తుకు చివరి రోజు అనుకోండి, సైట్ అసలే నెమ్మదిగా ఉంటుంది, దానికి తోడు మన సిస్టమ్ కూడా కదలదు. నెలనెలా జీఎస్టీఆర్-3బీ వేసే వ్యాపారికి 20వ తేదీ దాటితే, కట్టాల్సిన పన్ను ఉంటే, రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు పడుతుంది. అప్పుడు తెలుస్తుంది పది నిమిషాల విలువ.

ఇలాంటప్పుడు "వైరస్ వచ్చింది, ఫార్మాట్ కొట్టించాలి" అని సిస్టమ్‌ను షాపుకు మోసుకెళ్తాం. దానికంటే ముందు ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా చూడాల్సింది ఒకటుంది. అదే స్టార్టప్ లిస్టు.

స్టార్టప్ అంటే ఏమిటి?

మనం పాస్‌వర్డ్ కొట్టి లోపలికి రాగానే కొన్ని ప్రోగ్రాములు మనం అడగకుండానే మొదలైపోతాయి. ఇవి ఎలా చేరాయి? ఏదైనా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "విండోస్‌తో పాటు ప్రారంభించాలి" అనే టిక్ చాలాసార్లు ముందే పెట్టి ఉంటుంది. మనం చదవకుండా నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంటూ పోతాం. అలా రెండు మూడేళ్లలో పది పదిహేను పోగవుతాయి. అన్నీ ఒకేసారి హార్డ్ డిస్క్ మీద పడతాయి. పాతరకం తిరిగే డిస్క్ ఒక్కోసారి ఒక్కచోటే చదవగలదు. దావత్‌లో యాభై మంది కూర్చుంటే ఒకే గరిటెతో వడ్డించినట్టు ఉంటుంది దాని పని.

ఎక్కడ చూడాలి?

విండోస్ 10, 11లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. చిన్న విండో వస్తే కింద "మోర్ డీటెయిల్స్" నొక్కండి. విండోస్ 10లో "స్టార్టప్" అనే ట్యాబ్, 11లో "స్టార్టప్ యాప్స్" కనిపిస్తుంది. అందులో ప్రోగ్రాం పేరు, తయారుచేసిన కంపెనీ, ఎనేబుల్ అయ్యిందా డిసేబుల్ అయ్యిందా, చివర్లో "స్టార్టప్ ఇంపాక్ట్" అంటే ఎంత భారం వేస్తోంది అన్నది ఉంటాయి.

ఈ భారానికి లెక్క ఉంది. మొదలయ్యేటప్పుడు ప్రాసెసర్‌ను ఒక సెకనుకు మించి వాడుకున్నా, డిస్క్ మీద 3 ఎంబీకి మించి చదివినా, రాసినా "హై" అని చూపిస్తుంది. 300 మిల్లీసెకన్లలోపు, 300 కేబీలోపు అయితే "లో". మధ్యలోవి "మీడియం".

అయితే "హై" అని ఉంది కదా అని వెంటనే ఆపేయకూడదు. యాంటీవైరస్ కూడా హై చూపించొచ్చు. భారం ఎంత అన్నది ఒక మాట, అవసరం ఎంత అన్నది ఇంకో మాట.

మూడు ప్రశ్నలు వేసుకోండి

ఒకటి, నేను తెరవకపోయినా ఇది వెనకాల పని చేస్తూ ఉండాలా? రెండు, దీన్ని ఆపితే ఏం ఆగిపోతుంది? మూడు, ఇది ఎవరిది, నేనే పెట్టుకున్నానా?

యాంటీవైరస్, టచ్‌ప్యాడ్, సౌండ్, గ్రాఫిక్స్‌కు సంబంధించినవి అలాగే ఉంచండి. డీటీపీ సెంటర్ నడిపేవాళ్లకు అను స్క్రిప్ట్ మేనేజర్ లాంటి తెలుగు కీబోర్డు సాధనం రోజూ కావాలి, అది ఉండనివ్వండి. కానీ ఉర్దూ కార్డులు కొట్టే ఇన్‌పేజ్ ముందే లేచి కూర్చోవాల్సిన పని లేదు, ఐకాన్ నొక్కినప్పుడు తెరుచుకుంటే చాలు. డిజిటల్ సంతకంతో రిటర్న్ వేసేవాళ్లకు ఎమ్‌సైనర్ నడుస్తూ ఉండాలి. నెలకు ఒకట్రెండుసార్లే పని అయితే, ఆ రోజు చేత్తో ఓపెన్ చేసుకోవచ్చు.

వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ విషయంలో జాగ్రత్త. మీ ఫొటోలు, బిల్లులు వాటిలో బ్యాకప్ అవుతుంటే, ఆపగానే ఆ పని కూడా ఆగిపోతుంది. మళ్లీ తెరిచేదాకా కొత్త ఫైళ్లు పైకి వెళ్లవు. డిస్క్ పాడైన రోజు ఆ సంగతి బయటపడితే లాభం లేదు. అసలు వాడనే వాడకపోతే నిశ్చింతగా ఆపేయండి.

పాటల యాప్‌లు, గేమ్ లాంచర్లు, ఎప్పుడో ఒక్క మీటింగ్ కోసం పెట్టుకున్న వీడియో కాల్ యాప్‌లు, ప్రింటర్‌తో వచ్చిన ఇంకు ప్రకటనల ప్రోగ్రాములు, ఇవన్నీ ఆపితే నష్టం లేదు. డ్రైవర్ ఉంటే ప్రింటర్ ప్రింట్ తీస్తూనే ఉంటుంది.

అసలు చూడాల్సింది ఇక్కడ

లిస్టులో ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి రిమోట్ యాప్ కనిపిస్తే ఆగి ఆలోచించండి. ఇవి మంచి పనికొచ్చే యాప్‌లే. దూరంగా ఉన్న కొడుకు ఇంట్లో సిస్టమ్ బాగుచేయడానికి వాడుతుంటాడు. కానీ "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, కేవైసీ చేయాలి" అని ఫోన్ చేసే మోసగాళ్లు కూడా వీటినే పెట్టిస్తారు. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంకు ఇలాంటి మోసాల గురించి బ్యాంకులను హెచ్చరించింది. ఫోన్ పెట్టేసినంత మాత్రాన ఆ యాప్ పోదు. స్టార్టప్‌లో ఉంటే సిస్టమ్ ఆన్ చేసినప్పుడల్లా అదీ లేస్తుంది. పాస్‌వర్డ్ పెట్టి వెళ్లిన వాడు మళ్లీ లోపలికి రాగలడు.

ఎవరు పెట్టారో ఇంట్లో ఎవరికీ తెలియకపోతే డిసేబుల్ చేసి వదిలేయకండి. నెట్ తీసేసి, దాన్ని పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నప్పుడు కూడా ఈ లిస్టు చూడటం మరిచిపోవద్దు.

ఎలా ఆపాలి?

పేరు మీద రైట్ క్లిక్ చేసి "డిసేబుల్" నొక్కడమే. ప్రోగ్రాం ఎక్కడికీ పోదు, కావాలంటే మళ్లీ అక్కడే "ఎనేబుల్". ఒకేసారి అన్నీ ఆపకుండా రెండేసి ఆపండి, ఏవి ఆపారో కాగితం మీద రాసుకోండి, "రీస్టార్ట్" చేసి చూడండి. ఏదైనా పని చేయకపోతే కారణం వెంటనే దొరుకుతుంది. తెలియని పేరు ఉంటే రైట్ క్లిక్‌లోనే ఆన్‌లైన్‌లో వెతికే ఆప్షన్ ఉంది, ముందు అది చూడండి. "సర్వీసెస్" జోలికి మాత్రం పోవద్దు. అక్కడ ఒకటి తప్పుగా ఆపితే నెట్, ప్రింటర్ లాంటివి ఆగిపోవచ్చు.

ఇన్ని చేసినా నెమ్మదిగానే ఉంటే లోపం లిస్టులో లేదు. పాత డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించడం, ర్యామ్ పెంచడం గురించి ఆలోచించాలి. డబ్బు పెట్టాల్సింది అక్కడ, ఉత్త ఫార్మాట్ మీద కాదు.

చివరగా ఒక మాట. ఇంట్లో అందరూ వాడే సిస్టమ్ అయితే అడిగి ఆపండి. మీకు పనికిరాదనిపించింది అన్నయ్య ఆఫీసు కాల్స్ యాప్ కావచ్చు, అబ్బాజాన్ లెక్కల సాఫ్ట్‌వేర్‌కు సంబంధించింది కావచ్చు.