ఒకే సంగతి, అయిదు గొంతులు

పదో తరగతి తెలుగు పుస్తకం నిండా పది రకాల రాతలు. పరీక్ష పేపరు నిండా ఒకటే రాత. పిల్లలకు శైలి నేర్పడం ఎక్కడ ఆగిపోతోంది?

‘మీ ఊరికి బస్సు సౌకర్యం కల్పించమని కోరుతూ డిపో మేనేజరుకు లేఖ రాయండి.’ తెలుగు పరీక్షల్లో పాతబడని ప్రశ్న ఇది. వందమంది జవాబులు పక్కపక్కన పెట్టి చూడండి. తొంభైమంది ఊళ్లలో ‘విద్యార్థులు, రైతులు, రోగులు అనేక ఇబ్బందులు పడుతున్నారు’. ఆ ఊరి పేరేమిటో, బస్సు ఎప్పటినుంచి రావడం లేదో, ఏ వేళకు కావాలో ఎవరూ రాయరు. అందరి గైడూ ఒకటే మరి. కరపత్రం రాయమన్నా, వ్యాసం రాయమన్నా అదే వాక్యం వచ్చి కూర్చుంటుంది. ‘నేటి సమాజంలో...’ అని మొదలై, ‘కాబట్టి మనమందరం...’ అని ముగుస్తుంది.

పాఠ్యపుస్తకాన్ని మాత్రం తప్పుపట్టలేం. రాష్ట్రం వచ్చాక తెలంగాణలో తయారైన పదో తరగతి వాచకం తిరగేయండి. పోతన పద్యాలున్నాయి, శ్రీనాథుడి ‘భిక్ష’ ఉంది. సినారె గజల్ ఉంది. సామల సదాశివ ముచ్చట్లున్నాయి. పాకాల యశోదారెడ్డి పాలమూరు పలుకుబడితో రాసిన ‘కొత్తబాట’ ఉంది. ‘లక్ష్యసిద్ధి’ ఒక పత్రిక సంపాదకీయం. ‘భూమిక’ ఒక కథల పుస్తకానికి రాసిన ముందుమాట. ఆంధ్రప్రదేశ్ పిల్లలు చాలాకాలం చదివిన వాచకంలో బోయి భీమన్న ‘జానపదుని జాబు’ ఉండేది. ప్రతి పాఠం ముందూ అది ఏ ప్రక్రియో ఒక పెట్టెకట్టి మరీ చెబుతారు. పిల్లలు ఆ పెట్టెను బిట్ల కోసం బట్టీపడతారు. సంపాదకీయాన్ని చదివినవాళ్లతో సంపాదకీయం, ముందుమాటను చదివినవాళ్లతో ముందుమాట రాయించే బడులు ఎన్నుంటాయి?

పరీక్షే నిర్ణయిస్తుంది

పిల్లల రాత ఎలా ఉండాలన్న గొడవ తెలుగువాళ్లకు కొత్తది కాదు. మనం ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపి దండలు వేసే గిడుగు రామమూర్తి అసలు పోరాటం చాలావరకు బడిపిల్లల వ్యాసరచన గురించే. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఉత్తర సర్కారు బడులను తనిఖీ చేస్తూ, జనం మాట్లాడే తెలుగూ బడి పుస్తకాల్లోని తెలుగూ ఇంత వేరుగా ఎందుకున్నాయని అడిగాడు. ఆ ప్రశ్న పర్లాకిమిడిలో మేష్టరుగా ఉన్న గిడుగును కదిలించింది. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ వాక్యాలను అనుకరించడమే అప్పటి పిల్లలకు వచనం. అనుకరణ కుదరక తప్పులు, తప్పులకు మార్కుల కోత.

1913లో గిడుగు వాడుక భాషను సమర్థిస్తూ విజ్ఞాపన ప్రచురించారు. అదే ఏడు జయంతి రామయ్య పంతులు గ్రాంథికాన్ని వెనకేసుకొచ్చారు. వ్యాసరచన ఏ శైలిలో ఉండాలో తేల్చడానికి మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన ఉపసంఘంలో గురజాడ అప్పారావు సభ్యుడు. మెజారిటీతో ఏకీభవించక 1914లో ఆయన సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాసిచ్చారు. ఆ విడత గెలుపు గ్రాంథికానిదే. బడిలో ఏం రాయాలో తేల్చేది పరీక్షే అని ఆ ముగ్గురికీ తెలుసు. అందుకే అంత పట్టుగా కొట్లాడారు.

ఇందులో పిల్లలకు చెప్పదగ్గ తమాషా ఒకటుంది. వాడుక తెలుగు కోసం రాసిన ఆ పత్రాన్ని గురజాడ ఇంగ్లీషులో రాశారు. చదవాల్సింది విశ్వవిద్యాలయం పెద్దలు కదా! అదే మనిషి 1910లో ‘దిద్దుబాటు’ను ఇంటిమాటల్లో కథగా చెప్పారు. ‘కన్యాశుల్కం’లో గిరీశం నోట ఒక తెలుగు, అగ్నిహోత్రావధాన్ల నోట ఇంకో తెలుగు పలికించారు. చదివేది ఎవరు, మాట్లాడేది ఎవరు అన్న రెండు ప్రశ్నలు తెలిస్తే శైలిలో సగం వచ్చినట్టే. మిగతా సగం అలవాటు.

బస్సు రాని ఊరు

అలవాటు చేయడానికి ఖర్చేమీ లేదు. ఆ బస్సు ప్రశ్ననే తీసుకుని, ఒకే సంగతిని అయిదు రకాలుగా రాయించండి.

మొదట అర్జీ. అధికారికి జాలి కథలు అక్కర్లేదు, వివరాలు కావాలి. ‘మా ఊరికి ఉదయం 8 గంటలకు వచ్చే బస్సు జూన్ 12 నుంచి రావడం లేదు. హైస్కూలుకు వెళ్లే 34 మంది పిల్లలం 3 కిలోమీటర్లు నడుస్తున్నాం. దయచేసి ఆ ఒక్క ట్రిప్పు తిరిగి నడిపించగలరు.’ ఇంతే.

తర్వాత వార్త. ఇందులో ‘దయచేసి’ ఉండదు, ‘మేము’ ఉండదు. ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలోనే రావాలి. డిపో వాళ్ల మాట కూడా ఉండాలి. అవతలివాళ్ల మాట రాయాలంటే వెళ్లి అడగాలని పిల్లలకు తెలిసేది ఇక్కడే.

కరపత్రమైతే గొంతు పెరుగుతుంది. ‘అమ్మలారా, అయ్యలారా! మన పిల్లల కాళ్లు ఎన్నాళ్లు అరగాలి? ఆదివారం పొద్దున పంచాయతీ ఆఫీసు దగ్గరికి రండి.’ చిన్న వాక్యాలు, పిలుపు, తేదీ, చోటు. అర్జీలో పనికిరాని ఆవేశం ఇక్కడ పనికొస్తుంది.

నాలుగోది దోస్తుకు ఉత్తరం. ‘అరేయ్ శీనూ, మా ఊరికి బస్సు బందయింది. నిన్న వాన కొట్టి సైన్సు రికార్డు తడిసింది. ఎండేస్తే మా మేకపిల్ల రెండు పేజీలు నమిలింది. సార్‌కు ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు.’ ఈ మాటల్ని ఎర్రసిరాతో దిద్దే మేష్టరు పిల్లాడి నోరు నొక్కినట్టే. ఇదే మాటతీరు అర్జీలో ఎందుకు కుదరదో పిల్లాడే చెప్పగలడు. వాడికి రెండూ కావాలి.

చివరిది కథ. అన్నిటికన్నా కష్టం. ఇబ్బంది అన్న మాట వాడకుండా ఇబ్బంది చూపించాలి. ‘కల్వర్టు మీద కూర్చుని రాజ్యం చెప్పులు చేతిలోకి తీసుకుంది. తెగింది ఎడమదే. అయినా రెండూ విప్పేసింది.’ ఇలాంటి మూడు వాక్యాలు రాసిన పిల్ల పక్కన కూర్చోబెట్టుకోదగ్గ పిల్ల. దురదృష్టమేమిటంటే ఈ మూడు వాక్యాలకు ఏ ‘పాయింటు’ కింద మార్కు వేయాలో ఎవరికీ తెలియదు.

అయిదూ రాశాక బయటికి చదివించాలి. ఏది అర్జీ, ఏది వార్త అని చెప్పకుండా చదివితే, వినే పిల్లలు కళ్లు మూసుకుని పట్టేస్తారు. వ్యాకరణ పాఠంలో నెలరోజులు చెప్పినా అర్థంకాని కర్తరి, కర్మణి వాక్యాల తేడా వార్త రాసేటప్పుడు దానంతటదే తెలుస్తుంది.

టీచర్ల ఇరకాటం

మేష్టర్లకు ఇవన్నీ తెలియవనుకోకండి. సిలబస్, స్లిప్ టెస్టులు, ఉత్తీర్ణత శాతం మెడ మీద ఉంటాయి. స్పాట్ వాల్యుయేషన్లో కట్టలకొద్దీ పేపర్ల ముందు కూర్చున్నవాళ్లకు హెడ్డింగు, కింద గీత, వరస నంబర్లు కనబడితే పని తేలిక. పిల్లలది ఇంకో లెక్క. పది దాటి ఇంటర్‌లో చేరగానే మార్కుల కోసం ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకునేవాళ్లు ఎందరో. వాళ్లు జీవితంలో తెలుగులో నాలుగు పేజీలు కూర్చి రాసే ఆఖరి ఏడాది పదో తరగతే. ఆ ఏడాది కూడా గైడుకే పోతే, రేపు సొంత పొలం తగాదాకు అర్జీ పెట్టుకోవాలన్నా తహసీల్దారు ఆఫీసు ముందు డబ్బిచ్చి రాయించుకోవాల్సిందే.

కొత్త వాచకాలు అక్కర్లేదు, కొత్త పథకాలు అంతకన్నా అక్కర్లేదు. ప్రశ్నపత్రం తయారుచేసేవారు ఒక్క ప్రశ్న మార్చాలి: ఒకే సంగతిని ఇద్దరు వేర్వేరు మనుషులకు రెండు రకాలుగా రాయమనండి. దిద్దేవారికి ఇచ్చే సూచనల్లో, తేడా చూపినందుకే సగం మార్కులని రాయండి. గైడ్లు ఈ ప్రశ్నకు జవాబు అచ్చువేయలేవు. తెలుగు టీచర్లు అందాకా ఆగక్కర్లేదు. ఈ సోమవారం ఒక్క పీరియడ్ నోట్సు చెప్పడం మాని, మీ పిల్లల ఊరి సంగతి ఒకటి వాళ్లనే అడిగి బోర్డు మీద రాయండి.