నిమ్మరసం, బోరు నీళ్లు: ఈసీ మీటరు చెప్పేది ఏంటి, చెప్పనిది ఏంటి?

పైన వీడియోలో ఒకే ఈసీ మీటరును ఐదు గ్లాసుల్లో ముంచి చూపించాను కదా. అక్కడ గబగబా చెప్పేసిన విషయాన్ని ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. బత్తాయి గానీ నిమ్మ గానీ పెట్టాలనుకునే వాళ్లు నర్సరీకి అడ్వాన్సు ఇచ్చే ముందే ఇది చదవండి.

వచ్చిన రీడింగులు ఇవి (మైక్రోసీమెన్స్‌లో):

• డిస్టిల్డ్ వాటర్, అంటే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేది: 4
• వాన నీళ్లు: 30
• మా బోరు నీళ్లు: 940
• బత్తాయి రసం: 3,500
• నిమ్మరసం: 4,100

నీళ్లు కరెంటును మోస్తాయా?

ఒట్టి నీళ్లు దాదాపు మోయవు. పూర్తిగా శుద్ధి చేసిన నీళ్ల ఈసీ 25 డిగ్రీల దగ్గర 0.055 మాత్రమే. కరెంటును మోసేది నీళ్లలో కరిగిన ఉప్పులు. ఉప్పు కరిగినప్పుడు ప్లస్, మైనస్ అయాన్లుగా విడిపోతుంది, అవి కదిలితేనే కరెంటు పారుతుంది. వాన నీళ్లలో అవి తక్కువ. బోరు నీళ్లు రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి నిలిచి కాల్షియం, మెగ్నీషియం, సోడియం, క్లోరైడ్ అన్నీ కలుపుకుని పైకి వస్తాయి. అందుకే ఆ తేడా.

పులుపు ఎక్కువైతే కరెంటు ఎక్కువా?

చాలామంది అలాగే అనుకుంటారు. నిమ్మరసం బత్తాయి రసం కంటే ఎన్నో రెట్లు పులుపు. కానీ రీడింగులో తేడా కొంచెమే. ఎందుకంటే సిట్రిక్ యాసిడ్ బలహీనమైన ఆమ్లం. చిక్కటి రసంలో అందులో కొద్ది భాగమే అయాన్లుగా విడిపోతుంది, మిగతాది అలాగే ఉండిపోతుంది. రసంలో కరెంటును మోసే పనిలో పెద్ద వాటా పొటాషియంది. బత్తాయిలో పొటాషియం ఎక్కువ, నిమ్మలో ఆమ్లం ఎక్కువ. అందుకే రెండూ దగ్గర దగ్గరగా వచ్చాయి.

ఇంట్లో ఒకటి చేసి చూడండి. ఒక చెంచా నిమ్మరసాన్ని గ్లాసు డిస్టిల్డ్ వాటర్‌లో కలపండి. నలభై రెట్లు పలచనైంది కాబట్టి రీడింగు వంద దగ్గర రావాలి అనుకుంటాం. కానీ ఐదారు వందలు చూపిస్తుంది. పలచన చేసేకొద్దీ ఆమ్లం ఎక్కువగా విడిపోతుంది మరి.

రసం 3,500 ఉంటే మంచిదే, నీళ్లు 3,500 ఉంటే?

అసలు విషయం ఇదేనండి. మీటరు అయాన్లను లెక్క కడుతుందే గానీ అవి ఏవో చెప్పదు. రసంలో ఉన్నది ఎక్కువగా పొటాషియం, సిట్రేటు. మనకు అది ఆహారం. బోరు నీళ్లలో అదే అంకె వస్తే అది సోడియం, క్లోరైడ్ కావొచ్చు. పైగా చెట్టు రోజూ అందులోనే నిలబడాలి. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పాదులోనే మిగులుతుంది.

బత్తాయి, నిమ్మ జాతులు ఉప్పును తట్టుకోలేవు. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం నారింజకు పెట్టే నీటి ఈసీ 1,100 దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. 1,600 దగ్గర పదోవంతు దిగుబడి పోతుంది. ఎండాకాలంలో ఆకు కొనలు మాడటం, పాదు మీద తెల్లటి పొర కట్టడం దీని గుర్తులు.

మరి ఏం చేయాలి?

• మొక్కలు పెట్టక ముందే, ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి నీళ్లు పరీక్ష చేయించండి. ఈసీతో పాటు సోడియం, క్లోరైడ్, బైకార్బొనేట్ కూడా అడగండి.
• టీడీఎస్ పెన్ను నేరుగా ఉప్పును తూచదు. ఈసీని కొలిచి 0.5తోనో 0.64తోనో 0.7తోనో గుణిస్తుంది. అందుకే ఒకే నీటికి రెండు పెన్నులు రెండు అంకెలు చూపిస్తాయి. మీరు ఈసీనే చూడండి.
• ఫారం పాండ్ ఉంటే వాన నీళ్లు కలపండి. 2,000 ఉన్న బోరు నీళ్లలో సగానికి సగం వాన నీళ్లు కలిపితే దాదాపు 1,000కి దిగుతుంది.
• అంటు కట్టిన మొక్క కొనేటప్పుడు వేరుమూలం అడగండి. జంబేరి కంటే రంగపూర్ నిమ్మ ఉప్పును బాగా తట్టుకుంటుంది.
• ఆచ్ఛాదన మందంగా వేయండి. ఆవిరి తగ్గితే పైన ఉప్పు పేరుకోవడం తగ్గుతుంది. జీవామృతం నేలకు మంచిదే, కానీ నీళ్లలోని ఉప్పును అది తీసేయదు. ఉప్పు కిందికి దిగాలంటే మంచి నీళ్లు, మురుగు పోయే దారి రెండూ ఉండాలి.

చివరిగా ఒక జాగ్రత్త. బోరు నీళ్లు కరెంటును బాగానే మోస్తాయి. తడి చేతులతో, నీళ్లలో కాళ్లు పెట్టి స్టార్టర్ డబ్బా ముట్టుకోవద్దు. చెప్పులు వేసుకుని, చేతులు తుడుచుకుని, మెయిన్ ఆపాకే తెరవండి. పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు.

మీటరును ఎలా శుభ్రం చేయాలో, రీడింగు ఎలా సరిచూసుకోవాలో వచ్చే వీడియోలో చూపిస్తాను.