ద్వీపవాసులగు మనవారికి శాసనమేది?

కళింగపట్నమున వంశధార సాగరసంగమముచెంత నిలిచి చూచువారికి దీపస్తంభము నేటికిని గానవచ్చును గాని, పూర్వపు రేవు వైభవము గానరాదు. రేవు క్షీణించినను, పొట్టకూటికై కడలి దాటుట మాత్రము మన తీరవాసులకు దప్పలేదు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తరలిన కుటుంబము లనేకము అండమాను దీవులలో స్థిరపడియున్నవి. 2011 జనాభా లెక్కలనుబట్టి ఆ ద్వీపములందలి 3,80,581 మందిలో నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారే.

వీరికి శాసనములు చేయువారెవరు? 1956లో ఆ దీవులు కేంద్రపాలితప్రాంత మయ్యెను గాని, శాసనసభ నేటికిని లేదు. లోకసభలో నొక్క సభ్యుడు. రాజ్యసభలో నదియు లేదు. రాజ్యాంగము 240వ అధికరణము ననుసరించి రాష్ట్రపతి చేయు నిబంధనలును వారికి శాసనములే.

దీని ఫలితమొకటి చూడుడు. ఆ దీవులకు షెడ్యూల్డు కులముల పట్టికయే ప్రకటింపబడలేదు. రాష్ట్రము మారినవానికి పూర్వపు గుర్తింపు వెంటరాదని 1990లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పియున్నది. కావున మన జిల్లాలలో గుర్తింపుగల దళిత కుటుంబము అచ్చట స్థిరపడినచో, ఆ దీవుల పట్టిక ననుసరించి గుర్తింపు పొందు మార్గమే లేదు. కులము మారలేదు, పేదరికము మారలేదు. నడుమ సముద్రము మాత్రము వచ్చినది!

ఇతర దేశములు ద్వీపవాసుల విషయమై శాసనములు గావించినవి. జపాను 1953లోనే దూరద్వీపముల యభివృద్ధికి చట్టము చేసెను. స్కాట్లండు 2018 నాటి చట్టమున, ప్రభుత్వవిధానమేదైనను ద్వీపవాసులను ఇతరులకంటె విశేషముగ బాధించునదైనచో ముందుగా విచారింపవలెనని విధించెను. ఓడ వేళలను మార్చు చిన్న యుత్తర్వుసైతము ద్వీపవాసి చదువుతోడను, వైద్యముతోడను, పుట్టినింటి చావుపుట్టుకలతోడను ముడిపడియుండును గదా!

మన కేంద్రప్రభుత్వమువారు 2017లో ద్వీపాభివృద్ధి సంస్థను నెలకొల్పిరి. 2019లో ద్వీపతీర నియంత్రణ ప్రకటన గావించిరి. తీరమునకు నియమములు, పర్యాటకులకు ప్రణాళికలు ఏర్పడినవి. నిత్యము నచ్చట బ్రతుకువాని మాట వినుటకు మాత్రము విధి యేర్పడలేదు.

ఆ నేలపై తొలిహక్కు జారవా, సెంటినలీ మొదలగు ఆదివాసులది. వారి రక్షణకై యేర్పడిన 1956 నాటి నిబంధనను సడలింపుమని మేము కోరము. వలసవచ్చినవారి మేలు ఆదివాసుల కీడు కారాదు. మేము కోరునది, ద్వీపవాసులచే నెన్నుకొనబడిన శాసనాధికారముగల సభ, దళిత కుటుంబముల గుర్తింపునకు న్యాయమైన మార్గము, ప్రతి విధానమునకును ముందస్తు విచారణ.

ఇక రాష్ట్రప్రభుత్వమువారి కర్తవ్యమును గలదు. కళింగపట్నము మొదలగు తీరగ్రామములలో పడవకు నీడయు, పట్టిన చేపకు ధరయు లభించిననాడు, కడలి దాటుట నిర్బంధము గాక యిష్టమగును. పోయినవారికి న్యాయము, ఉన్నవారికి జీవనము: ఈ రెండును ప్రభుత్వముల ఋణమే. ఆ ఋణము తీర్పవలసిన కాలము వచ్చినది.