బాపు నాలుక మీద తెల్లపూత

బాపు నాలుక మీద పెరుగు అంటుకున్నట్టు తెల్లపూత. తుడిస్తే కింద ఎర్రగా, మంట. గోదావరిఖనిలో బొగ్గు బాయి దిగి రిటైరైన మనిషి. ఆయాసానికి రోజూ ఇన్‌హేలర్ వాడతాడు. ‘దీంతోనే నోరు పాడైంది, ఇగ ముట్ట’ అని పక్కన పడేశాడు. మూడో రాత్రికి ఊపిరి ఆడక మంచం మీద కూర్చునే తెల్లార్చాడు.

డాక్టర్ చూసి చెప్పిన పేరు క్యాండిడా. ఇది బయటి నుంచి వచ్చిందేం కాదు. మనలో చాలామంది నోట్లో ఎప్పుడూ ఉండే ఫంగస్సే. గుండ్రంగా ఉన్నంతకాలం బుద్ధిగా ఉంటుంది. సందు దొరికితే దారాల్లా సాగి, నోటి లోపలి మెత్తటి పొరలోకి గుచ్చుకుంటుంది. క్యాండిడాలైసిన్ అనే విషపదార్థాన్ని వదులుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టింది 2016లోనే.

ఆ దెబ్బ తగలగానే పొరలోని కణాలు బాయి సైరన్‌లా మోత మోగిస్తాయి. కొన్ని టి-కణాలు ఐఎల్-17 అనే సంకేతం పంపుతాయి. దాంతో రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ దిగుతాయి, పొర కూడా ఫంగస్‌ను చంపే ప్రొటీన్లు వదులుతుంది. హెచ్‌ఐవీ ముదిరినవాళ్లలో ఈ టి-కణాలే తగ్గిపోతాయి. అందుకే వాళ్లలో ఈ పూత ఎక్కువ.

మరి బాపుకెందుకు వచ్చింది? ఆయన ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ ఉంది. ఊపిరితిత్తుల్లో వాపు తగ్గించాల్సిన మందు కొంత నోట్లోనే ఉండిపోయి, అక్కడి కాపలాని జోకొడుతుంది.

చేయాల్సింది ఇంతే. ఇన్‌హేలర్ సొంతంగా ఆపొద్దు. వాడిన ప్రతిసారీ నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయాలి. స్పేసర్ వాడితే నోట్లో పడే మందు తగ్గుతుంది. పూత కనిపిస్తే డాక్టర్‌కి చూపించాలి.

ఇప్పుడు బాపు ఇన్‌హేలర్ పక్కనే నీళ్ల చెంబు ఉంటోంది. మీ ఇంట్లోనూ ఉందా?