మత్తడి దుంకిన ఏడాది

దసరా సెలవుల్లో ఆలేరు చుట్టుపక్కల ఏ చెరువు కట్ట ఎక్కినా, గాలాలు వేసుకుని కూర్చున్న కుటుంబం ఒకటైనా కనిపిస్తుంది. తూము బండ మీద తాత, ఆయనను ఆనుకుని హైదరాబాద్ నుంచి వచ్చిన మనవలు, కాస్త ఎడంగా వేపచెట్టు నీడలో సర్వపిండి డబ్బా విప్పుతున్న నాయనమ్మ. పిల్లల కళ్లన్నీ నీటి మీద తేలే బెండు మీదే. అది కొంచెం వణికితే చాలు, "తాతా, గుంజన్నా?" అని చిన్నోడు లేస్తాడు. "ఆగు బిడ్డా, ముట్టి చూస్తున్నది. ఇంకా మింగలే" అంటాడు తాత. బెండు ఒక్కసారిగా పక్కకు పరుగెత్తి మునిగినప్పుడు మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. కట్టె పైకి లేస్తుంది, అరచేయంత పరక చేప ఎండలో తళుక్కుమంటుంది, ఆ కేక అవతలి గట్టు మీద బర్రెలు కాసే వాళ్లదాకా వినిపిస్తుంది.

చేపలవేట అనగానే మనకు కోస్తా, కొల్లేరు, గోదావరి గుర్తొస్తాయి. ఆలేరు వాటికి దూరం. ఇది రాళ్లగుట్టలు, తాటిచెట్లు, ఎర్రచెలకల దేశం. మొన్నటిదాకా నల్లగొండ జిల్లా, 2016 అక్టోబరు 11 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. ఏటా సగటున 700 నుంచి 800 మిల్లీమీటర్ల వాన, అదీ నాలుగు నెలల్లోనే. పట్టణం పేరే ఉన్న ఆలేరు వాగు కిందికి పారి మూసీలో కలుస్తుంది, కానీ ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఇసుకే. ఇలాంటి చోట నీటిని ఆపుకోవడానికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం గొలుసుకట్టు చెరువులు. మీది చెరువు నిండి మత్తడి, అంటే అలుగు, దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే దాని కిందికి. కట్ట, తూము, మత్తడి, శిఖం, వీటన్నిటి మీద ఒక కన్నేసి ఉంచే నీరటి, కట్ట మీద కాపలాగా కట్టమైసమ్మ. ఈ ఏర్పాటు వందల ఏళ్లు నడిచింది.

అందుకే ఇక్కడ చేపల జ్ఞాపకాలకు తేదీలు ఉండవు, నీటి గుర్తులు ఉంటాయి. "మత్తడి దుంకిన ఏడు", "కట్ట తెగిన ఏడు", "చెరువు నోరు తెరిచిన ఏడు" అని మొదలుపెట్టి, ఆ ఏడు ఎవరి లగ్గమైందో, ఎవరు పుట్టారో, మేనమామ ఎంత పెద్ద వాలుగను పట్టాడో చెబుతారు. వాన రికార్డులు దఫ్తర్లలో ఉంటే ఉండవచ్చు. ఈ ఊళ్లలో వాటికి మరో నకలు ఇళ్లల్లో ఉంది, చేపల కథల రూపంలో. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన కుండపోతకు ఈ జిల్లా వాగులు పొంగాయి. అప్పుడు బడికి పోయే వయసులో ఉన్న పిల్లలు ఆ వాననే తమ తొలి చేపల కథగా చెప్పుకోవడం సహజం.

మత్తడి దుంకడం చూడాల్సిన దృశ్యం. నీళ్లు మత్తడి రాళ్ల మీంచి తెల్లగా జారుతుంటే చేపలు ఆ ధారకు ఎదురెక్కుతాయి. వాటికి ఆ చప్పుడు, ఆ కొత్తనీటి వాసన గుడ్లు పెట్టే కాలానికి పిలుపు. ఊరంతా అక్కడే ఉంటుంది. విసురు వల ఉన్నవాడు వలతో, లేనివాడు దోమతెరతో, అదీ లేనివాడు గంపతో దిగుతాడు. పిల్లలకు ఆ రోజు బడి ఉన్నా లేనట్టే. తల్లి చీరకొంగు ఒకవైపు, పెద్దబిడ్డ ఇంకోవైపు పట్టుకుని కాలువలో ఈడ్చితే దొరికే గుప్పెడు పరకపిల్లలకు ఉన్న రుచి, తర్వాత ఏ హోటల్లో ఏ పెద్ద చేప తిన్నా రాదని చాలామంది అంటారు. నేనూ ఆ మాటే అంటాను.

గాలం పని దీనికి పూర్తిగా వేరు. అది నెమ్మది మీద నడుస్తుంది. ముందురోజు సాయంత్రమే జాలారి దగ్గర తడి మన్ను తవ్వి ఎర్రలు ఏరాలి. వాటిని కొబ్బరిచిప్పలోనో డబ్బాలోనో అదే మన్ను వేసి ఉంచాలి, ఎండిపోతే పనికిరావు. సన్నని వెదురు కట్టె, నైలాన్ దారం, గాలం ముల్లు, దానికి జానెడు పైన చిన్న సీసం గుండు. ఇక బెండు సంగతి ప్రత్యేకం. జొన్నదంటు బెరడు ఒలిచి లోపలి తెల్లని గుజ్జు ముక్కను దారానికి గుచ్చుతారు. నెమలి ఈక కాడ దొరికితే అది ఇంకా మేలు, ఎందుకంటే సన్నని కాడ నీటిలో నిలువుగా నిలిచి పరక మూతి పెట్టినా చెబుతుంది. ఎర్రకు జెల్లలు, పరకలు వస్తాయి. గోధుమపిండి ముద్దకు రవ్వులు, బంగారుతీగలు. బెండు మునిగే తీరును బట్టే కింద ఏముందో చెప్పేవాళ్లున్నారు. జెల్ల ఒక్కపెట్టున గుంజుకుపోతుంది. పరక కొరికి కొరికి ఎర్రను దోచుకుపోతుంది. బంగారుతీగ బెండును ముందు కాస్త పైకి లేపి పడుకోబెడుతుంది, అడుగున ఉన్న ముద్దను అది పైకెత్తడమే కారణం.

ఒకే నీటిలో ఉన్నా చెరువు చేపలు రెండు రకాలు. కొర్రమట్ట, మట్టగిడస, జెల్ల, పరక వంటివి వాగుతో వచ్చి చెరువులోనే పిల్లలు పెట్టుకునే స్థానికులు. బొచ్చె, రవ్వు, మోసు అలా కాదు. పారే నీరు లేకపోతే అవి గుడ్లు పెట్టవు, నిలిచిన చెరువులో ఎన్నేళ్లున్నా వాటి సంతతి పెరగదు. ఒకప్పుడు నదుల్లో వరద వేళ పట్టిన పిల్లలనే తెచ్చి పోసేవారు. 1957 జులై 10న ఒడిశాలో శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, అలికున్హి కలిసి పీయూష గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ చేపలతో గుడ్లు పెట్టించగలిగారు. ఆ రోజునే దేశమంతా మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటోంది. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి చెరువులకు ఉచితంగా చేపపిల్లలు ఇస్తోంది. కొన్ని నెలలే నీళ్లుండే చెరువుకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నిలిచే జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. వేలి కణుపంత పిల్లను వదిలి మళ్లీ వేసవినాటికి కిలోకు అటూఇటూ తూగే చేపను తీస్తారు ఇక్కడి మత్స్య సహకార సంఘాలవాళ్లు. కాబట్టి పిల్లవాడి గాలానికి రవ్వు పడితే అది ఎవరో పెంచుకున్న చేప. పరక పడితే అది చెరువుది. ఈ తేడా పిల్లలకు మొదటి రోజే చెప్పడం పెద్దల పని.

స్థానికుల్లో రాజు కొర్రమట్టే. పుస్తకాల్లో కొరమీను, 2016 నుంచి తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర కార్తె మొదలయ్యే రోజున, అంటే జూన్ 7న లేదా 8న, దీని ధర ఎంత పలికినా కొనకుండా ఇంటికి పోని వాళ్లున్నారు. ఇది నీటిలో ఉండే గాలితో సరిపెట్టుకోదు. తలలో మొప్పల పైన ఉండే ప్రత్యేక అరల సాయంతో నేరుగా పైగాలి పీలుస్తుంది. చెరువు ఎండుతుంటే తడి బురదలో దాక్కుని వానకోసం ఓపిక పడుతుంది. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం దాని సంసారం. తుంగ మధ్య నీటి మీద ఎర్రటి చిన్న మేఘంలా కదిలే పిల్లల గుంపు కనిపిస్తే, దాని కిందే తల్లీ తండ్రీ కావలి కాస్తుంటాయి. ఆ గుంపు మీదికి చిన్న కప్పను కట్టిన గాలం వేస్తే పెద్ద చేప తప్పకుండా దూకుతుంది, ఆకలితో కాదు, కోపంతో. అలా పట్టడం చాలా సులువు. పట్టేస్తే మాత్రం ఆ పిల్లలన్నీ మిగతా చేపలకు మేతే. ఎర్రపిల్లలున్న జతను ముట్టొద్దని మనవడికి చెప్పే తాతను చూసినప్పుడల్లా ఆ చెరువుకు మంచి కాలం ఉందనిపిస్తుంది.

గాలం సంగతికి ఇక్కడొక పాత చుట్టరికం ఉంది. ఆలేరుకు ఆరు కిలోమీటర్ల దూరంలో కొలనుపాక ఉంది. మహావీరుడి పచ్చరాతి విగ్రహం ఉన్న జైన మందిరం, వీరశైవుల రేణుకాచార్యుడితో ముడిపడిన సోమేశ్వరాలయం అందరికీ తెలిసినవే. కల్యాణి చాళుక్యుల నాడు ఇది కొల్లిపాక–7000 అనే పెద్ద నాడుకు కేంద్రం. ఆరో విక్రమాదిత్యుడి కొడుకు కుమార సోమేశ్వరుడు అంబికాదేవి గుడికి దానం చేసిన 1125 నాటి శాసనం కొలనుపాకదే. ఆ యువరాజే తర్వాత మూడో సోమేశ్వరుడిగా గద్దెనెక్కి, 1129 ప్రాంతంలో మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథం రాశాడు. ఇరవై అధ్యాయాల చొప్పున అయిదు భాగాలు, మొత్తం నూరు అధ్యాయాలు. వంటలు, ఏనుగులు, సంగీతం, ఆటలు అన్నీ ఉన్న ఆ గ్రంథంలో మత్స్యవినోదం అనే ఒక అధ్యాయం ఉంది. అది పూర్తిగా గాలం గురించే!

అందులో చేపలను నదివి, సముద్రానివి అనీ, పొలుసు ఉన్నవి, లేనివి అనీ విడదీశాడు. ఏ చేపకు ఏ మేత ఇష్టమో చెప్పాడు. ఒకేచోట రోజూ మేత వేసి చేపలను అలవాటు చేసి ఆ తర్వాత గాలం వేయాలన్నాడు. దారం దేంతో పేనాలో, కట్టె ఎలా ఉండాలో కూడా వదల్లేదు. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు సారథ్యం వహించిన చేపల శాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ అధ్యాయంపై వ్యాసం ప్రచురించి ప్రపంచం దృష్టికి తెచ్చారు. ఇంగ్లండ్‌లో గాలం మీద తొలి ముద్రిత రచన వచ్చింది 1496లో, ఐజాక్ వాల్టన్ పేరుమోసిన పుస్తకం 1653లో. మన రాజు వాళ్లకన్నా కనీసం మూడున్నర వందల ఏళ్లు ముందున్నాడు. ఈరోజు కట్ట మీద తాత పిడికెడు తవుడు ముద్దలు ముందుగా నీళ్లలోకి విసిరి, చుట్ట వెలిగించుకుని, ఆ తర్వాతే గాలం తీస్తాడు. ఆయన మానసోల్లాసం చదివి ఉండడు, కానీ పద్ధతి అదే. కొలనుపాక మ్యూజియంలో ఈ సంగతి చెప్పే బోర్డు ఒకటి పెడితే, గుడికి వచ్చే పిల్లలు శాసనాల రాళ్ల దగ్గర ఇంకాసేపు నిలబడతారు.

కట్టమీద కొన్ని పూటలు గడిపితే ఇంకో సంగతి తెలుస్తుంది. గాలం కట్టడం తాతకు వచ్చు, మనవడికి వస్తోంది, మధ్యలో తండ్రికి రాదు. కారణం ఆయన సోమరితనం కాదు. ఆయన పిల్లవాడుగా ఉన్న కాలంలో చెరువులో నీళ్లు లేవు. పూడిక నిండింది, తూములు పాడయ్యాయి, కాలువలు మూసుకుపోయాయి, బోర్లు లోతుకు పోతూ వచ్చాయి. 2002 వంటి కరువు ఏడాదుల్లో చెరువు శిఖంలో పిల్లలు క్రికెట్ ఆడారు. ఆ తరం పట్నం బస్సెక్కింది. 2015 మార్చిలో మొదలైన ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46 వేల పైచిలుకు చెరువుల లెక్క తీసి, విడతలవారీగా పూడిక తీసే పని చేపట్టింది. ఆ నల్లమట్టి రైతుల పొలాలకు పోయింది. దేవాదుల ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి నీళ్లు ఈ వైపు కొన్ని చెరువులకు చేరాయి. మంచి వానలు తోడైన ఏడాదుల్లో ఆగిపోయిన ఆ చదువు మళ్లీ మొదలైంది. ఇప్పుడు నలభై ఏళ్ల నాయన, పదేళ్ల కొడుకు పక్కపక్కన కూర్చుని ఒకే తాత దగ్గర ముడి వేయడం నేర్చుకుంటున్నారు. నాయన వేళ్లే ఎక్కువ తడబడతాయి.

ఎండాకాలం చివర చెరువు అడుగంటినప్పుడు సంఘంవాళ్లు వలలు లాగి తమ చేపలు తీసుకుంటారు. ఆ తర్వాత కొన్ని ఊళ్లలో మిగిలినదాన్ని ఊరికి వదిలేస్తారు. దాన్నే లూటీ అంటారు. మోకాలి లోతు బురదలో ముసలీముతకా అందరూ దిగుతారు, ఎవరు ఎవరో గుర్తుపట్టలేనంతగా మన్ను పూసుకుంటారు. ఇంటికి చేరాక పని ఆడవాళ్లదవుతుంది, ఆ శ్రమ చేపల కథల్లో తక్కువగా వినిపిస్తుంది. కొడవలితో పొలుసు గీకాలి. జెల్లలను, కొర్రమట్టలను బూడిద వేసి బండకు రాసి జిగురు పోగొట్టాలి, ఉప్పుతో మళ్లీ కడగాలి. వెడల్పు గిన్నెలో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, మెంతిపొడి, చిక్కటి చింతపండు పులుసు. గరిటె పెట్టకుండా గిన్నెనే అటూఇటూ తిప్పాలి. పరకలనైతే కరకరలాడేట్టు వేయించి ముళ్లతో సహా నమిలేయడమే. కూర తెల్లారికి ఇంకా బాగుంటుందని ప్రతి ఇల్లూ చెబుతుంది, తెల్లారేదాకా మిగిలే ఇళ్లు తక్కువ.

ఆలేరు హైదరాబాద్‌కు దాదాపు 70 కిలోమీటర్లు. ఉప్పల్ నుంచి జనగామ, హన్మకొండ బస్సులు జాతీయ రహదారి 163 మీదుగా ఇటే పోతాయి. 1886లో సికింద్రాబాద్ నుంచి వరంగల్ దాకా వేసిన రైలుదారిలోదే ఆలేరు స్టేషన్, ప్యాసింజర్ బండ్లు ఆగుతాయి. కొలనుపాకకు ఆటోలు దొరుకుతాయి. గాలం వేయాలంటే సెప్టెంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం, తెల్లవారిన రెండు గంటలు, పొద్దు వాలాక ఒక గంట. చాలా చెరువులు అక్కడి మత్స్య సహకార సంఘాల హక్కులో ఉంటాయి కనుక ముందుగా వాళ్లను అడగాలి. చిన్న చేపలకు సరదాగా గాలం వేసుకుంటామంటే చాలాచోట్ల కాదనరు. పెంపుడు చేప పడితే మెల్లగా ముల్లు తీసి వదిలేయండి. పూడిక తీసిన గుంతలు పైనుంచి కనిపించవు, వాగులో ఇసుక తవ్విన చోట్లూ అంతే, కాబట్టి పిల్లలను నీళ్లలోకి దిగనివ్వకండి. జెల్ల, ఇంగిలాయి చేపల పక్కముళ్లు గుచ్చుకుంటే నొప్పి గంటల తరబడి ఉంటుంది, వాటిని గాలం నుంచి విడిపించే పని పెద్దవాళ్లే చేయాలి. ఉరిమితే కట్టె పక్కన పడేసి తాటిచెట్లకు దూరంగా వచ్చేయండి. జైన మందిరానికీ వెళ్లే ఆలోచన ఉంటే అది పొద్దున్నే ముగించుకుని, చేపల పని ఆ తర్వాత పెట్టుకోవడం మర్యాద.