వాము వేసే చేతులు

దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక చేలోంచి రెండు పంటలు రావాలి. ఒకటి ధాన్యం. అది మిల్లుకో, కొనుగోలు కేంద్రానికో తరలిపోతుంది. రెండోది గడ్డి. అది దొడ్లోనే ఉండి ఏడాది పొడుగునా పాడిని సాకుతుంది. ధాన్యం ధర గురించి ఊరంతా మాట్లాడుకుంటుంది. గడ్డి సంగతి పట్టేది పశువులున్న ఇంటికే. గింజ ఎంత బరువు తూగుతుందో గడ్డీ దాదాపు అంతే తూగుతుంది. రోజుకు ఆరేడు కిలోలు వేసినా ఒక్క గేదెకు ఏడాదికి రెండు టన్నులకు పైమాటే. ఆ మేతంతా ఏప్రిల్, మే నెలల ఎండల్లోనే సమకూర్చుకోవాలి.

గోదావరి డెల్టాలో కొడవలి కోత ఇంకా మిగిలిన ఊళ్లలో ఈ పని ఇంటిల్లిపాదిదీ. కోసిన పనలు చేలోనే ఆరతాయి. కట్టలు కట్టేది మాత్రం తెల్లవారుజామున, మంచు పదును ఉండగానే. పొద్దెక్కితే గడ్డి పెళుసెక్కి విరుగుతుంది, గింజ రాలుతుంది. నూర్పిడయ్యాక మళ్లీ ఎండబెట్టాలి. వాములోకి వెళ్లే గడ్డిలో చెమ్మ మిగలకూడదు. మిగిలితే లోపల సూక్ష్మజీవులు పెరిగి వేడి పుడుతుంది. గడ్డి నల్లబడి బూజు పడుతుంది. ఆ వేడి మరీ ముదిరితే ఎవరూ నిప్పు పెట్టకుండానే వాము అంటుకుంటుంది. అందుకే పెద్దవాళ్లు పిడికెడు గడ్డి మెలిపెట్టి చూసి, పుటుక్కున తెగితేనే సరేనంటారు.

వాము వేయడం చూసి తీరాల్సిన విద్య. మెరక చూసి, చెదలూ చెమ్మా ఎక్కకుండా అడుగున తాటి మొద్దులో రాళ్లో పరుస్తారు. కింద నుంచి పంగలకర్రతో గడ్డి ఎగరేసేవాళ్లు ఎందరైనా ఉండొచ్చు, పైన నిలబడి అందుకుని సర్దే మనిషిదే అసలు పని. ఆయన అంచుల్లో పరిచినదానికంటే నడుమ ఎక్కువ వేసి తొక్కుతాడు. నడుం ఎత్తుగా ఉంటేనే వాన బయటికి జారుతుంది. పల్లమైతే నీళ్లు లోపలికి దిగి గడ్డి కుళ్లిపోతుంది. గోడ పైకి వెళ్లేకొద్దీ కాస్త బయటికి ఉబ్బాలి, ఆపైన ఇంటి కప్పులా సన్నబడాలి. చివర్న పక్కల్ని పైనుంచి కిందికి దువ్వి, గడ్డితాళ్లు అడ్డంగా వేసి, వాటి కొసలకు బరువులు కడతారు. గాలివానకు నిలిచేది ఈ కట్టుతోనే. ఈ కొలతలు ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకున్నవి కావు. తండ్రి పైన తొక్కుతుంటే కింద నిలబడి గడ్డి అందించిన కొడుక్కి అబ్బినవి.

దాళ్వా వేయని కృష్ణా డెల్టా చేలది ఇంకో పద్ధతి. సార్వా (ఖరీఫ్) వరి కోతకు ముందే నిలిచిన చేలో జనుమో పిల్లిపెసరో చల్లుతారు. నేలలో మిగిలిన తేమతోనే అది ఎదుగుతుంది. దాన్ని కోసి, ఎండబెట్టి, వరిగడ్డి ఒక పొర, జనుము ఒక పొరగా వాములో పేరుస్తారు. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే. ఆ లోటును పప్పుజాతి మేత పూడుస్తుంది. నాకు చాలా నచ్చిన తెలివి ఇది.

ఇప్పుడు కోత మిషన్ వచ్చింది. దాన్ని తప్పుపట్టను. కూలీలు దొరకని రోజుల్లో, అకాల వర్షం ఒక్క రాత్రిలో పంటను ముంచే చోట, గంటలో ఎకరం కోసిపెట్టే యంత్రాన్ని రైతు ఎలా వద్దనగలడు? కానీ మిషన్ గింజను పట్టుకుని గడ్డిని నలగ్గొట్టి వదిలేస్తుంది. ఆ గడ్డి కట్టకు రాదు, వాముకు నిలవదు. బేలర్ తెచ్చి చుట్టలు చుట్టించుకోగలిగినవాళ్లు దక్కించుకుంటున్నారు. మిగతావాళ్లు అగ్గిపుల్ల గీస్తున్నారు. టన్ను గడ్డి కాలితే దాంతోపాటు దాదాపు ఐదున్నర కిలోల నత్రజని చేను చేజారిపోతుంది. పాడిగేదె మేత పొగైపోవడం చూసి ఊరుకోలేం.

నలిగిన గడ్డికీ దారి ఉంది. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను నీళ్లలో పూర్తిగా కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పిపెడితే మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. మొదటిసారి చేసేవాళ్లు పశువైద్యుణ్ని పక్కన పెట్టుకుని చేయడం మంచిది.

ఎక్కువ నష్టపోతున్నది సెంటు భూమి లేకుండా ఒక్క గేదెతో బతికే కుటుంబాలు. కోతకు వెళ్లి, వస్తూ వస్తూ నాలుగు మోపులు తెచ్చుకునే ఆడవాళ్లకు మిషన్ కోసిన చేలో కూలీ లేదు, మోపూ లేదు. గడ్డి కొనుక్కుని పాలు అమ్మితే వాళ్లకు మిగిలేది తక్కువ. కోత మిషన్ చేలోకి దిగిన రోజే బేలర్ కూడా వెనకే దిగాలి, దాని అద్దె ఈ ఇళ్లకు అందుబాటులో ఉండాలి. యంత్రాలకు రాయితీలిచ్చే ప్రభుత్వం, పాలు పోయించుకునే సంఘాలు కలిసి కూర్చుంటే వచ్చే దాళ్వాకే ఈ పని మొదలుపెట్టొచ్చు.